కుడి చెంప మీది ఎరుపు

నా కుడి చెంప మీద పుట్టుకతోనే ఒక ఎర్రటి మచ్చ ఉంది. చెవి ముందు మొదలై, చెంపంతా పరుచుకుని, పైపెదవి అంచు దాకా వచ్చి ఆగుతుంది. పసివాడిగా ఉన్నప్పుడు లేత గులాబీ రంగులో ఉండేదట. బడికి వెళ్లే వయసుకి దానిమ్మ గింజ రంగుకి తిరిగింది. నలభై దగ్గర పడేసరికి నేరేడుపండు రంగుకి వచ్చింది. ఎండలో తిరిగినా, జ్వరం తగిలినా, కోపం వచ్చినా ఇంకా ముదురుతుంది. అందుకని నా కోపాన్ని నేను ఎవరి దగ్గరా దాచుకోలేకపోయాను.

దానితో బతకడం నాకు అలవాటే. మా నాన్న జీడిమెట్లలో మందుల కంపెనీలో పనిచేసేవాడు. అక్కడే ఒక కిరాయి గదిలో నేను పెరిగాను. కొత్త బడిలో చేరినప్పుడు మొదటి వారం అందరూ అడిగేవారు, చూసేవారు, ఒకరిద్దరు వేలితో ముట్టుకునేవారు కూడా. రెండో వారానికి మర్చిపోయేవారు. కాలేజీలోనూ అంతే, హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరినప్పుడూ అంతే. ఆ మొదటి వారాలే కష్టం. వీడియో మీటింగులు మొదలయ్యాక నాకొక ఉపాయం దొరికింది. కెమెరాని కుడివైపు నుంచి తప్పించి, ఎడమ చెంప మాత్రమే కనిపించేట్టు కూర్చునేవాణ్ణి. పుణే నుంచి మాతో పనిచేసే ఒకాయన మొదటిసారి మా ఆఫీసుకి వచ్చినప్పుడు, క్యాంటీన్‌లో నా పక్కనుంచే నన్ను వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. పిలిచాక వెనక్కి తిరిగి, నా మొహం చూసి, చెయ్యి కలిపి చాలాసేపు వదల్లేదు.

మా ఆవిడది కాకినాడ వైపు. పెళ్లిచూపుల్లో తను నన్ను అడిగింది ఒకటే. "నొప్పేమైనా ఉంటుందాండీ?" లేదన్నాను. "అయితే పర్లేదండి" అని కాఫీ కప్పు అందించింది. ఆ తర్వాత మా మధ్య దాని ప్రస్తావన రాలేదు. అమ్మ మటుకు ఎప్పుడూ నా కుడివైపే కూర్చునేది. అన్నం వడ్డించినా, బస్సెక్కినా, ఫొటో దిగినా, నా కుడివైపు ఆమె ఉండాల్సిందే. అది ఆమె అలవాటు అనుకున్నానే తప్ప, ఎందుకని ఆలోచించలేదు.

వైద్యం చేయించుకుందామని నాకు ఎప్పుడూ పెద్దగా అనిపించలేదు. కానీ ముప్పై అయిదు దాటాక మచ్చ మందమెక్కడం మొదలైంది. చెంప మీద అక్కడక్కడ ద్రాక్ష గింజల్లాంటి బొడిపెలు లేచాయి. పెదవి ఒకవైపు కాస్త ఉబ్బింది. గడ్డం గీసుకోవడం అంటే గుంతల రోడ్డు మీద బండి నడిపినట్టు అయింది.

ఒక పొద్దున ఆఫీసుకి తయారవుతుంటే రేజరు ఒక బొడిపెకి తగిలింది. చిన్న గాటే. కానీ రక్తం ఆగలేదు. దూది పెట్టాను, తడిసిపోయింది. తువ్వాలు పెట్టాను, అదీ తడిసింది. మా ఆవిడ పరుగున వచ్చి రెండు చేతులతో గట్టిగా అదిమిపట్టింది. "ఏవండీ, కళ్లు తిరుగుతున్నాయా? ఇటు చూడండి" అంటూనే క్యాబ్ పిలిచింది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

మణికొండలో మా ఇంటికి దగ్గరలో ఉన్న ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఆ చోట కరెంటు సూదితో కాల్చి రక్తం ఆపాడు. ఆపి, "ఇలాంటివి ఇంకా నాలుగైదు ఉన్నాయి. ఏదో ఒకరోజు మళ్లీ ఇదే అవుతుంది. చర్మం డాక్టరుకి చూపించుకోండి. లేజర్ ఉంది దీనికి" అన్నాడు.

లేజర్ అంటే అందం కోసం చేయించుకునేది అని నా అభిప్రాయం. మా ఆఫీసులో కుర్రాళ్లు పచ్చబొట్లు తీయించుకోవడానికి వెళ్తారని విన్నాను. ఆ మాటే మా ఆవిడతో అంటే, "అందం కోసమైతే మాత్రం తప్పేంటండీ? అయినా మీది నెత్తుటి సంగతి" అని గచ్చిబౌలిలో ఒక చర్మం డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది.

వెళ్లేరోజు అమ్మ చీర మార్చుకుని, చేతిసంచి పట్టుకుని ముందే తలుపు దగ్గర నిలబడింది.

"నువ్వెందుకమ్మా? ఊరికె చూపించుకోనీకె పోతున్న" అన్నాను.

"నేను గూడ వస్త. నాకు జర పనున్నది ఆ డాక్టరుతోని" అంది.

డాక్టరు యాభై ఏళ్ల మనిషి. తొందరలేని మనిషి. నా చెంపని దీపం కింద పెట్టి చూసింది, వేలితో నొక్కి వదిలి రంగు తిరిగి రావడం చూసింది. నన్ను పెదవులు ముందుకు పెట్టమంది, నోరు తెరవమంది. నోరు తెరిచినప్పుడు దవడ దగ్గర చర్మం లాగడం గమనించింది. అక్కడ, ఎరుపు మధ్యలో, రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దదిగా తెల్లటి ముడత ఒకటి ఉంది, కరిగి గట్టిపడ్డ మైనంలాగా.

"ఇది పుట్టుకతో వచ్చింది కాదు. ఇదెలా అయింది?"

"చిన్నప్పుడు కాలిందండీ" అన్నాను గబుక్కున.

అమ్మ తలొంచుకుని చేతిసంచి పట్టీ సవరించుకుంటోంది. డాక్టరు ఇద్దరినీ చూసి, ఇంకేం అడగలేదు.

తర్వాత విషయం చెప్పింది. దీన్ని పోర్ట్ వైన్ స్టెయిన్ అంటారట. మచ్చలో రంగేమీ లేదు, అంతా రక్తమే. చర్మం కింద వెంట్రుకల కన్నా సన్నటి రక్తనాళాలు ఉండాల్సిన దానికన్నా వెడల్పుగా, ఎక్కువగా ఉండిపోతాయి. వయసుతో పాటు అవి ఇంకా సాగుతాయి. అందుకే రంగు ముదరడం, బొడిపెలు రావడం.

"మరి వెలుగుతో దాన్నెట్లా తీస్తారండీ? పైన చర్మం కాలదా?" అని మా ఆవిడ అడిగింది.

"ఎండలో నల్ల చొక్కా వేసుకుంటే కాలుతుంది, తెల్ల చొక్కా అంత కాలదు కదా? అలాంటిదే. మేము వాడేది ఒక రకం పసుపు వెలుగు. రక్తంలోని ఎరుపు దాన్ని పీల్చుకుంటుంది. క్షణంలో ఏ వెయ్యో వంతు పాటో వెలిగి ఆరిపోతుంది. అంతలోనే ఆ నాళం వేడెక్కి మూసుకుపోతుంది. మూసుకున్న నాళాన్ని కొన్ని వారాల్లో ఒళ్లే మెల్లగా తీసేస్తుంది. కాకపోతే మన చర్మంలోని నలుపు కూడా కొంత వెలుగుని లాక్కుంటుంది. అందుకని ప్రతి దెబ్బకి ముందు చర్మం మీద చల్లటి గాలి కొడతాం, వెలుగు తగ్గించి పెడతాం, ముందు చిన్న చోట చేసి చూస్తాం. తొందరపడితే తెల్ల మచ్చలో నల్ల మచ్చలో మిగులుతాయి."

"పూర్తిగా పోతుందా?" అన్నాను.

"పోతుందని చెప్పను. తగ్గుతుంది. పసితనంలో మొదలుపెడితే ఇంకా బాగా తగ్గేది. చెంప పక్క భాగం బాగా మాట వింటుంది, పెదవి దగ్గర మొండిగా ఉంటుంది. కొన్నేళ్లకి కొద్దిగా తిరిగి రావచ్చు కూడా. ఆ బొడిపెలకి ఇంకో లేజర్ ఉంది, లోతుగా పోయేది. రక్తం కారే బాధ తప్పుతుంది, అది గట్టిగా చెప్పగలను."

ఆ మాట నాకు నచ్చింది. ఏదీ మాయం చేస్తానని ఆమె అనలేదు.

మేము లేవబోతుంటే అమ్మ కూర్చునే ఉంది. "డాక్టరమ్మా, నేనొకటి అడగాలె" అంది. "వీడు కడుపుల ఉన్నప్పుడు గ్రహణం పట్టింది. ఏడో నెల నాకు. ఇంట్ల పండుకోమన్నరు, కదలొద్దన్నరు. వీని నాయన డ్యూటీకి పోయిండు. గప్పుడే నీళ్ల ట్యాంకర్ వచ్చింది. మల్ల రెండు మూడు దినాలు రాదు. బిందె పట్టుకొని పోయిన. ఎండకు చెమటలు పడితే ఈ చేత్తోని మొఖం తుడ్సుకున్న." అని కుడిచేతిని తన కుడి చెంప మీద పెట్టి చూపించింది. "గిక్కడ్నే. వీడు పుట్టినంక చూస్తే, గిక్కడ్నే."

నేను అంతవరకు ఆ సంగతి వినలేదు.

డాక్టరు నవ్వలేదు. కుర్చీ అమ్మ దగ్గరికి లాక్కుంది. "ఏడో నెల అన్నారు కదమ్మా?"

"అవును."

"ఈ మచ్చ మొదటి నెలల్లోనే పడిపోతుంది. చాలాసార్లు కడుపుతో ఉన్నామని తల్లికి సరిగా తెలిసే లోపే. లోపల ఒక కణంలో చిన్న మార్పు, అంతే. అది రావడం ఎవరి చేతిలోనూ లేదు. మీరు ఆరోజు నీళ్లకి పోయేసరికే ఆ మచ్చ మీ అబ్బాయి చెంప మీద ఉందమ్మా."

అమ్మ లేచి, సంచి తీసుకుని, నమస్కారం పెట్టి బయటికి నడిచింది. ఆరోజంతా మామూలుగానే ఉంది. మర్నాడు పొద్దున నేను టీ తాగుతుంటే వచ్చి, "ఏమన్నది ఆ డాక్టరమ్మ? అప్పటికే ఉండెనా?" అంది.

"అవునమ్మా. అప్పటికే ఉండె."

"నేను నీళ్లకు పోకముందే?"

"పోకముందే."

సరేనని వెళ్లింది. ఆ వారంలోనూ, ఆ తర్వాతా చాలాసార్లు అదే అడిగింది. ఒకసారి బట్టలు మడతపెడుతూ, ఒకసారి కూరగాయలు తరుగుతూ, ఒకసారి నేను ఆఫీసు కాల్‌లో ఉండగా తలుపు సందులోంచి. ప్రతిసారీ నేను అదే జవాబు చెప్పాను. ఆమె అడుగుతున్నది నన్ను కాదని నాకు అర్థమైంది.

ముందు చెవి దగ్గర చిన్న చోట చేసి చూశారు. తెల్ల మచ్చ గానీ నల్ల మచ్చ గానీ పడలేదు. కొన్ని వారాల తర్వాత చెంపంతా చేశారు. ముందుగా మత్తు క్రీము రాసి కూర్చోబెట్టారు. తర్వాత గడ్డం నున్నగా గీసి, నా కళ్ల మీద ఒక లోహపు మూతల జత పెట్టారు. గదిలో ఉన్న వాళ్లందరూ రంగు కళ్లద్దాలు పెట్టుకోవాలి. లోపలికి వస్తానని అమ్మ పట్టుబట్టింది కాబట్టి ఆమెకీ ఒక జత ఇచ్చారు. నాకు కనిపించలేదు గానీ, ఆ పచ్చటి పెద్ద అద్దాల్లో అత్తయ్యగారు సినిమా యాక్టరులా ఉన్నారని తర్వాత మా ఆవిడ ఇంట్లో నవ్వింది.

మొదట చల్లటి గాలి బుస్సుమని తగులుతుంది. వెంటనే రబ్బరు బ్యాండు లాగి చెంప మీద వదిలినట్టు ఒక దెబ్బ. కళ్లు మూసి ఉన్నా, ఆ మూతల వెనక కూడా ఒక పసుపు మెరుపు తెలుస్తుంది. మళ్లీ చల్లగాలి, మళ్లీ దెబ్బ. కాలిన వెంట్రుకల వాసన. భరించలేని నొప్పి కాదు, కానీ తర్వాతి దెబ్బ ఎప్పుడొస్తుందో తెలుసు కాబట్టి ఒళ్లు ముందే బిగుసుకుంటుంది. పెదవి దగ్గరికి వచ్చేసరికి కళ్లలో నీళ్లు వచ్చాయి.

"అయిపోయిందా డాక్టరమ్మా?" అని అమ్మ గొంతు.

"ఇంకొంచెం అమ్మా."

"వానికి నొప్పైతున్నట్టున్నది."

"నాకేం కాలేదమ్మా" అన్నాను, పెదవి కదపకుండా.

అద్దంలో చూసుకుంటే నా చెంప వంకాయ రంగులో ఉంది. అలా అవుతుందని డాక్టరు ముందే చెప్పింది. నాళాలు మూసుకున్నందుకు కమిలిన రంగు, రెండు వారాల్లో పోతుంది, ఎండ తగలకూడదు, సన్‌స్క్రీన్ మానకూడదు. చెప్పడం వేరు, ఆ మొహంతో ఆఫీసు బస్సెక్కడం వేరు. మొదటి వారం ఇంటినుంచే పనిచేశాను. రెండో వారం మాస్కు పెట్టుకుని వెళ్లాను. బస్టాపు దాకా ఎండ ఉంటుందని అమ్మ తన పూల గొడుగు ఇచ్చింది. మణికొండ సందుల్లో ఒక మగవాడు పొద్దున్నే గులాబీ పూల గొడుగు వేసుకుని నడుస్తుంటే బైక్ ట్యాక్సీ వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. జీవితమంతా చూపులు పడ్డవాణ్ణి, ఈసారి వాళ్లు చూసింది గొడుగుని కాబట్టి నాకు హాయిగానే అనిపించింది.

కమిలిన రంగు పోయాక చూస్తే పెద్ద తేడా లేదు. నాకు నిరుత్సాహం వచ్చింది. "ఇంత తిప్పలు పడితే గింతేనా?" అని నేనే అన్నాను. మా ఆవిడ నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి ఫోన్‌లో ఫొటో తీసి, పాత ఫొటో పక్కన పెట్టి చూపించింది. చెవి దగ్గర నేరేడు రంగు దానిమ్మ రంగుకి దిగింది. తేడా ఉంది. రోజూ అద్దంలో చూసుకునేవాడికి అది కనిపించదు, అంతే.

రెండు నెలలకోసారి వెళ్లడం అలవాటైంది. మూడోసారో నాలుగోసారో, క్రీము రాసుకుని నేను బయట గదిలో కూర్చున్నాను. పక్కన అమ్మ. ఎదురుగా ఒక అమ్మాయి ఒళ్లో నెలల బిడ్డతో కూర్చుంది. బిడ్డ మొహం మీద పల్చటి తెల్ల గుడ్డ కప్పి ఉంది. ఏసీ చల్లదనానికేమో అనుకున్నాను. బిడ్డ కాళ్లు తన్నుకుంటే గుడ్డ జారింది. నుదుటి మీంచి కనురెప్ప దాకా లేత గులాబీ రంగు మచ్చ. నా మచ్చే, నాకు గుర్తులేని నా వయసులో. ఆ అమ్మాయి గబగబా గుడ్డ సర్దింది.

అమ్మ లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

"ఆడపిల్లనా?"

"అవునండి."

"గుడ్డ తియ్యి బిడ్డా. ఊపిరాడాలె గదా. మాకెందుకు దాస్తవ్? గా మూల కూసున్నడు సూడు, వాడు నా కొడుకు."

ఆ అమ్మాయి నన్ను చూసింది. నేను క్రీము పూసిన చెంపతో నవ్వాను. ఆ నవ్వు ఎలా ఉందో ఏమో, ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పింది. వాళ్లు గచ్చిబౌలిలో ఫ్లాట్‌లో ఉంటారట. ఆమె కూడా సాఫ్ట్‌వేరే, ఇప్పుడు సెలవులో ఉంది. గ్రహణం రోజు ఆఫీసు కాల్ వస్తే సిగ్నల్ కోసం బాల్కనీలోకి వెళ్లిందట. "మా అత్తగారు ఏమీ తిట్టరండి. పాపకి స్నానం చేయించిన ప్రతిసారీ, ఆరోజు బాల్కనీలోకి వెళ్లకుండా ఉంటే బావుండేది అంటారు. అంతే. రోజూ అంటారండి."

అమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వేం జెయ్యలే బిడ్డా" అంది. "నేను గూడ గిట్లనే అనుకున్న. నీకన్న ఎక్కువ అనుకున్న. నలభై ఏండ్లు అనుకున్న. నేను బయటికి పోయినందుకే నా కొడుకు గిట్లయిండని. దేవునికి మొక్కిన, ఉపవాసాలున్న, ఒక్కలకు జెప్పలే. గా డాక్టరమ్మ జెప్పింది, నువ్వు బాల్కనీలకు పోయేటాల్లకే అది ఉండె. నీకు కడుపని తెల్వకముందే ఉండె. నీ చేతుల లేదు, మీ అత్త చేతుల లేదు, సూర్యుని చేతుల గూడ లేదు. ఇంటున్నవా?"

"వింటున్నానండి."

"నువ్వు నయం. గింత చిన్నగున్నప్పుడే తెచ్చినవ్. గప్పుడు మాకు ఈ మిషిన్లు ఉన్నయని గూడ తెల్వకపాయె."

అన్ని వారాలుగా నేను అమ్మకి చెబుతూ వచ్చిన మాటలే అవి. కానీ ఆరోజు ఆమె చెబుతున్న తీరు వేరు. ఆమె అడగడం లేదు, చెబుతోంది. ఆ తర్వాత ఆమె నన్ను ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

మచ్చ కనురెప్ప మీద ఉంది కాబట్టి ముందు పాపకి కన్నూ తలా పరీక్షలు చేయించాలని డాక్టరు చెప్పిందట. అన్నీ బాగానే ఉన్నాయని తేలాక లేజర్ మొదలుపెట్టారు. అమ్మా, ఆ అమ్మాయీ ఫోన్ నంబర్లు తీసుకున్నారు. పాపని తీసుకొచ్చే రోజుల్లో అమ్మ నాతో పని లేకుండానే మణికొండ నుంచి ఆటో ఎక్కి గచ్చిబౌలి వెళ్లేది.

నా ఎరుపు తగ్గుతూ వచ్చాక, దవడ మీది తెల్లటి ముడత సంగతి వచ్చింది. దానికి వాడే లేజర్ వేరట. "ఇందులో రక్తంతో పని లేదు. ముడత మీద సూది మొనల్లాంటి చుక్కలుగా వెలుగు గుచ్చుతాం. చుక్కకీ చుక్కకీ మధ్య మంచి చర్మం వదిలేస్తాం. ఆ వదిలిన చర్మమే చుట్టుపక్కల గాయాన్ని మాన్పుకుంటూ కొత్తగా అల్లుకుంటుంది. నోరు తెరిచినప్పుడు లాగడం తగ్గుతుంది" అని డాక్టరు వివరిస్తోంది.

అమ్మ మధ్యలో, "అది కాలింది గాదు డాక్టరమ్మా" అంది.

నేను వద్దన్నట్టు చూశాను. ఆమె నావైపు చూడలేదు.

"వీనికి ఆరేండ్లు. బస్తీల ఒకాయన మచ్చలు తీస్తడన్నరు. ఏమో పసరు నూరి పెట్టిండు. మండుతదన్నడు, పిల్లగాన్ని గట్టిగ పట్టుకోమన్నడు. నేనే పట్టుకున్న వీని చేతులు. వీడు మొత్తుకుంటనే ఉన్నడు, నేను పట్టుకునే ఉన్న."

"మంచి జరగాలనే కదమ్మా చేశారు" అంది డాక్టరు.

"మంచి జరగలే గదా" అంది అమ్మ.

గ్రహణం సంగతికి సైన్సు జవాబు చెప్పింది. ఇది అలాంటిది కాదు. ఇది నిజంగా జరిగింది.

తిరిగి వచ్చేటప్పుడు క్యాబ్‌లో అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది.

"నీకు యాదికున్నదా?" అంది.

"ఉన్నదమ్మా."

"కోపమున్నదా నా మీద?"

లేదని చెప్పేయొచ్చు. కానీ ఆమె ఇంతకాలానికి నోరు తెరిచి అడిగింది. "ఉండె" అన్నాను. "పసరు పెట్టినందుకు గాదు. చేతులు పట్టుకున్నందుకు. నువ్వు ఇడిస్తే నేను ఉరికేటోన్ని గదా అనుకునేటోన్ని. మస్తు రోజులు అనుకున్న."

ఆమె తల ఊపింది.

"ఇప్పుడు లేదమ్మా. నువ్వు ఏడ్సుకుంటనే పట్టుకున్నవ్. నీ కన్నీళ్లు నా మీద పడ్డయ్. అది గూడ యాదికున్నది."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ముక్కు చీదుకుంది. కాసేపటికి ట్రాఫిక్ కదిలింది. "పొద్దుగాల సంది ఏం తినలే. ఏడనన్న ఇడ్లీ తినిపియ్యి" అంది. గచ్చిబౌలి దాటాక ఒక టిఫిన్ సెంటర్ దగ్గర దిగాం. ఆమె రెండు ప్లేట్లు తిన్నది. చట్నీలో ఉప్పెక్కువైందని కౌంటర్ దగ్గర వాడికి చెప్పి మరీ వచ్చింది.

మొదలుపెట్టి ఏడాదిన్నర కావస్తోంది. నా చెంప ఇప్పుడు లేత ఎరుపులో ఉంది. పెదవి దగ్గర డాక్టరు చెప్పినట్టే మొండిగా ఒక ముదురు గీత మిగిలింది. బొడిపెలు అణిగాయి, రక్తం మళ్లీ కారలేదు. దవడ మెత్తబడింది, పెద్ద ముద్ద పెట్టుకున్నా లాగడం లేదు. ఈమధ్య ఆఫీసులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి, "సార్, ఎండలో క్రికెట్ ఆడారా?" అని అడిగింది. అవునన్నాను. అబద్ధమే, కానీ ఆ ప్రశ్న విని ఆరోజంతా ఉత్సాహంగా తిరిగాను. మనుషులు ఇప్పటికీ చూస్తారు. చూసి, మాటల్లోకి వెళ్లిపోతారు. ఏడాదికి ఒకసారి రంగు తిరిగి రాకుండా వెళ్లాలి. అది నాకు బరువు కాదు.

పోయిన నెల ఆ పాప మొదటి పుట్టినరోజుకి మమ్మల్నందర్నీ పిలిచారు. గచ్చిబౌలిలో వాళ్ల అపార్ట్‌మెంటు కింద హాల్లో. పాప నుదుటి మీద మచ్చ ఉందని తెలిసినవాళ్లకే తెలుస్తుంది. ఏడిస్తే మాత్రం కొంచెం పైకి వస్తుందట. పాప తల్లి ఒకచేత్తో పాపని ఎత్తుకుని, ఇంకో చేత్తో వచ్చినవాళ్లకి ప్లేట్లు అందిస్తోంది.

భోజనాల దగ్గర పాప నాయనమ్మ అమ్మ పక్కన కూర్చుంది. రాజమండ్రి ఆవిడ, మెత్తగా మాట్లాడే మనిషి. కాసేపు వంటల గురించి మాట్లాడి, "మీకు తెలుసంటగా అండి ఆ లేజర్ సంగతి. నాకు మావాడు చెప్పాడు గానీ సరిగ్గా అర్థం కాలేదు" అంది. అమ్మ తినడం ఆపి చెప్పడం మొదలుపెట్టింది. నల్ల చొక్కా, తెల్ల చొక్కా, పసుపు వెలుగు, మూసుకుపోయే నాళాలు, అన్నీ. ఒకచోట తప్పు చెప్పింది, నేను దిద్దలేదు. చివరికి, "గా మచ్చ ఎప్పుడో ముందే పడుతదట. మనం కడుపని తెల్సుకోకముందే" అంది.

ఆవిడ ప్లేటు మీంచి తల తిప్పి హాలు అవతల ఉన్న కోడలిని చూసింది. "అయితే మా కోడలు బాల్కనీలోకి వెళ్లడం వల్ల కాదంటారు."

"ఎవ్వల వల్ల గాదమ్మా. నా వల్ల గూడ గాదు."

ఆవిడ లేచి, చెయ్యి కడుక్కుని, హాలు అవతలివైపుకి నడిచింది. కోడలి దగ్గరికి వెళ్లి పాప కోసం చేతులు చాపింది. "పాపని నాకియ్యి అమ్మాయ్. పొద్దుటినుంచీ నువ్వేం తినలేదు, ముందెళ్లి కూర్చుని తిను" అంది.